పచ్చ గీత కింద

ఆ మంగళవారం పొద్దున ఆకాశం ఇంకా నిద్ర లేవలేదు. రాత్రి పొలాల మీద పడుకున్న మబ్బు తెల్లారినా అక్కడే ఉండిపోయింది. చక్కెర దుంప చేలకీ ఆ మబ్బుకీ మధ్య మనిషి నిలబడేంత సందు మాత్రం మిగిలింది. గాలి లేదు, వాన లేదు. ఊరు ఊరంతా మూత పెట్టిన గిన్నెలా ఉంది.

సార్జెంట్ క్లెమ్ హార్‌బీ పది ఇరవైకి క్రేక్ అన్నదమ్ముల షెడ్డు ముందు దిగాడు. ఇన్‌స్పెక్టర్ రోలండ్ పెల్ కారు అప్పటికే అక్కడుంది. బయటికి పోయే దారికి సరిగ్గా అడ్డంగా నిలిపి ఉంది.

షెడ్డు తాళం చెవి క్లెమ్ జేబులోనే ఉంది గాని, రెండోది పోలీసు పెద్దాఫీసు వాళ్లు తీసుకున్నారని అప్పుడు గుర్తొచ్చింది. లోపల దీపం వెలుగుతోంది. బల్ల మీద పాత దుప్పటి పరిచి, స్టీరింగ్ రాడ్‌ని శవాన్ని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టారు. దాని కాళ్ల దగ్గర, రాడ్‌ని కింది చక్రాలకి కలిపే ఇనప జాయింటు ఉంది. బల్ల వెనక పెల్ నిలబడి ఉన్నాడు. బల్ల ముందు స్టూలు మీద డెంజిల్ క్రేక్ కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఒకటేళ్ల మనిషి. టోపీ మోకాలి మీద పెట్టుకుని, అది పారిపోతుందేమో అన్నట్టు చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"రా సార్జెంట్. నీకు పని మిగల్చలేదు," అన్నాడు పెల్. "పెద్దాయన ఒప్పేసుకున్నాడు."

ఒప్పుకోవాల్సింది నిన్నటి చావు. సోమవారం పొద్దున ఏడూ యాభై రెండుకి, గ్యానెట్ మలుపు దగ్గర, విత్తనాల వ్యాపారి జెరాల్డ్ మాడక్ చేతుల్లో స్టీరింగు ఉత్తినే తిరిగింది. రోడ్డు తిరిగింది, కారు తిరగలేదు. తిన్నగా పెద్ద కాలువలోకి పోయింది. కారులో గడియారం ఆ వేళకి ఆగింది. మనిషిని నీళ్లలోంచి తీసేటప్పటికి ప్రాణం లేదు. దగ్గరలో అంత పెద్ద తలుపున్న చోటు మరొకటి లేక, కారును తిరిగి దాన్ని తయారు చేసిన షెడ్డులోకే లాక్కొచ్చి తాళం వేశారు. ఒంటిగంటకి పెద్దాఫీసు బండి వచ్చి దాన్ని పట్టుకుపోతుంది. ఆ బండిలోనే డెంజిల్‌ని కూడా.

ఆ కారు తయారై దొర్లుకుంటూ వచ్చిన కారు కాదు. నలభై ఏళ్ల కిందట పెట్టెల్లో ముక్కలుగా వచ్చి, ఎవరో ఇంటి వెనక బిగించుకున్న కిట్ కారు. కోళ్ల పాకలో తుప్పు పట్టిపోతుంటే మాడక్ మోజుపడి కొని, క్రేక్ అన్నదమ్ములకి అప్పజెప్పాడు. దానికి మళ్లీ ఊపిరి పొయ్యడానికి వాళ్లకి రెండేళ్లు పట్టింది. అన్నీ దొరికాయి, స్టీరింగ్ రాడ్ తప్ప. పాతది మెలి తిరిగిపోయింది. ఆఖరికి తుక్కు కొట్టులో వేరే జాతి చిన్న కారుది ఒకటి తెచ్చారు. అది పొడుగు. నాలుగు అంగుళాలు కోసి, చివర జాయింటులో పట్టుకునేలా కొత్తగా పళ్లు దింపి, బోల్టు అడ్డంగా కూర్చునేందుకు ఒక గాడి తీసి, దీనికి ఇమిడ్చారు. ఆ గాడిలో బోల్టు కూర్చున్నంత కాలం, నట్టు వదులైనా సరే, రాడ్ జాయింటులోంచి బయటికి రాదు.

కాని వచ్చింది. బోల్టు జాయింటులోనే ఉంది, నట్టు బిగువుగానే ఉంది, రాడ్ మాత్రం ఊడింది.

పెల్ వేలితో రాడ్ చివర తట్టి తన లెక్క చెప్పాడు. నాలుగు కోయాల్సింది ఐదు కోశాడు. రాడ్ బోల్టు దాకా అందలేదు. కొసన అరంగుళం పళ్ల మీద వేలాడుతూ ఉంది. మలుపులో జారింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం.

క్లెమ్ డెంజిల్ వంక చూశాడు. అవునా అని అడిగాడు.

"ఐదు కోశాను," అన్నాడు డెంజిల్, టోపీతో చెబుతున్నట్టు. "వయసైపోయింది."

"మరి మీ తమ్ముడు లైల్ చూడలేదా?"

"వాడిని నమ్మించాను. సరిగ్గా ఉంది, గీత గీసెయ్యమన్నాను. వాడి తప్పేం లేదు. రాసుకో."

గీత సంగతి చుట్టుపక్కల ఊళ్లలో పాత కార్లున్న వాళ్లందరికీ తెలుసు. అన్నదమ్ములిద్దరూ పెళ్లి చేసుకోలేదు, ఒకే ఇల్లు, ఒకే షెడ్డు. బోల్టు బిగించినవాడు గీత గీయకూడదు. రెండోవాడు పానా పట్టి పరీక్ష చేసి, నట్టు మీంచి పక్క ఇనుము మీదికి గోళ్ల రంగుతో ఒక గీత లాగాలి. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరుగుతుంది. డెంజిల్‌ది ఎరుపు, లైల్‌ది పచ్చ. ఇద్దరు ముసలి బ్రహ్మచారులు ఏడాదికోసారి మందుల షాపుకి పోయి గోళ్ల రంగు కొంటుంటే, కౌంటరు దగ్గరి పిల్ల పండక్కి ఎవరింటికి పోతున్నారేంటి అని ఏడిపించేది. అయినా ఒకడి సీసా ఇంకొకడు ముట్టడు.

"ఆ గీతే వీళ్లని పట్టిచ్చింది," అన్నాడు పెల్. జాయింటు ఎత్తి దీపం కింద పెట్టాడు. నట్టు మీంచి పచ్చ గీత తిన్నగా, ముక్క చెక్కలు కాకుండా ఉంది. "విరగలేదు. అంటే గురువారం బిగించినప్పటి నుంచీ దీన్నెవరూ కదపలేదు. వీళ్ల ఆచారమే వీళ్ల మీద సాక్షి. సంతకం పెట్టు, పెద్దాయనా."

డెంజిల్ కలం అందుకున్నాడు. పోయిన చలికాలంలో పక్షవాతం ఒక చెయ్యి వేసి వదిలిపెట్టింది ఆయన్ని. పానా పట్టి తిప్పడానికి బలం ఉంది గాని, సన్నని పనికి చెయ్యి నిలవదు. కలం కాగితం మీద దోమలా గిరగిరా తిరిగి ఎలాగో ఒక పేరైంది. క్లెమ్ ఆ సంతకం వంకే చూశాడు. పేరు చదవడానికి పట్టేదానికంటే ఎక్కువసేపు చూశాడు.

"బండి వచ్చేదాకా ఎందుకు, సామాను నా కారులో వేసుకుపోతా," అన్నాడు పెల్.

"లేదు సర్. సాక్ష్యం పుస్తకంలో నా సంతకం ఉంది. నేను రాసిస్తేనే కదలాలి. ఒంటిగంటకి రాసిస్తాను."

పెల్ నవ్వాడు. పన్నెండేళ్ల కిందట ఇనుము చూడటం ఇదే క్లెమ్ దగ్గర నేర్చుకుని, రెండు మెట్లు ఎక్కి వెళ్లిపోయిన మనిషి. "లాడాలు కొట్టే ఇంట్లో పుట్టావు సార్జెంట్. నీకు ఇనుమంటే ప్రేమ ఎక్కువ. ప్రేమతో కొలతలు మారవు."

"మారవు సర్. అందుకే ఎవరైనా కొలిచారా అని."

"నేనే కొలిచాను. డాష్‌బోర్డు కింద రాడ్‌ని పట్టుకున్న క్లాంపు దగ్గర్నుంచి జాయింటు దాకా. అంగుళం తక్కువ."

"మీరు కొలిచింది సందుని. రాడ్‌ని కాదు."

పెల్ మొహంలో నవ్వు ఉన్నచోటే ఉండి గట్టిపడింది. మాడక్ భార్యతో మాట్లాడి ఒంటిగంటకి బండితో పాటే వస్తాననీ, అప్పటికి పుస్తకంలో సంతకం లేకపోతే సార్జెంట్ మీద కూడా ఒక కాగితం రాయాల్సి వస్తుందనీ చెప్పి వెళ్లాడు. క్లెమ్ డెంజిల్‌ని ఇంట్లోకి పొమ్మన్నాడు. డెంజిల్ పోలేదు. స్టూలు జరుపుకుని కారు చచ్చు మొహం పక్కన కూర్చున్నాడు.

"నువ్వూ సంతకం పెట్టెయ్ క్లెమ్. నీ ఉద్యోగం నువ్వు చూసుకో," అన్నాడు, అంతే.

సమయం పది యాభై.

డెంజిల్ ప్రతి పనికీ ఒక చెక్క బద్ద కోస్తాడు. కాగితం మీద అంకెలు రాయడు, నూనె చేతులకి కాగితం పనికిరాదంటాడు. ఏ ముక్క ఎంత పొడుగుండాలో బద్ద మీద కత్తితో గాటు పెట్టి, మేకుకి తగిలిస్తాడు. గోడ మీద అలాంటివి నలభై దాకా ఉన్నాయి. మాడక్ కారు బద్ద అన్నిటికంటే తెల్లగా చివర వేలాడుతోంది. క్లెమ్ దాన్ని తెచ్చి రాడ్ పక్కన పెట్టాడు. గాటు, రాడ్ కొస, గోరు కూడా దూరనంత సరిగ్గా కలిశాయి.

నాలుగే కోశాడు. ఐదు కాదు.

అంటే డెంజిల్ చేయని తప్పుని ఒప్పుకున్నాడు. డెంజిల్ ఆ బద్ద వంక చూడలేదు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్నాడు.

తర్వాత క్లెమ్ భూతద్దం తీశాడు. ఆ కారులో సైలెన్సర్ గొట్టం జాయింటుకి జానెడు దూరంలోనే పోతుంది. కారు బాగా వేడెక్కితే, బయటికి కనిపించే రాడ్ అంతా బెల్లం రంగుకి తిరుగుతుంది. జాయింటు లోపల దాక్కున్న భాగం మాత్రం తెల్లగా మెరుస్తూ ఉండిపోతుంది. రాడ్ చివర ఆ తెల్ల భాగం ఒకటిన్నర అంగుళం ఉంది. పెల్ చెప్పినట్టు మొదటి నుంచీ అరంగుళం మీదే వేలాడి ఉంటే, తెలుపు అరంగుళమే ఉండాలి. శుక్ర, శనివారాలు డెంజిల్ ఈ కారుని అరవై మైళ్లు తిప్పాడు. ఆ అరవై మైళ్లూ రాడ్ పూర్తిగా లోపలే ఉంది, బోల్టు గాడిలోనే ఉంది.

శనివారం సాయంత్రం తర్వాత ఎవరో బోల్టు తీసి, రాడ్‌ని అంగుళం పైకి లాగి, మళ్లీ బోల్టు పెట్టారు. పైన క్లాంపు వదులు చేసి స్టీరింగు చక్రాన్ని తనవైపు లాక్కుంటే చాలు, రెండు నిమిషాల పని.

మరి గీత? క్లెమ్ చాకు మొనతో పచ్చ రంగుని గోరు చివరంత గీకాడు. పైపొర తేలిగ్గా లేచింది. అది ఇంకా గడ్డి పచ్చగా ఉంది. దాని కింద ఇంకో పొర ఉంది, వేడికి మాడి ఎండుటాకు రంగుకి తిరిగింది. ఇంకా గీకాడు. కింది గీత నట్టు మీద ఒక చోట ఆగింది, జాయింటు మీద గోరంత పక్కగా మొదలైంది. విరిగిన గీత. దాని మీద అతుకులా కొత్త గీత.

విప్పినవాడు గీత గీయకుండా వదిలేసి ఉంటే పోయేది. కుదుపులకి కదిలిందనుకునేవాళ్లు. కాని నలభై ఏళ్లుగా బిగించిన ప్రతి నట్టు మీదా గీత లాగిన చెయ్యి, చెడగొట్టిన నట్టుని కూడా గీత లేకుండా వదల్లేకపోయింది.

గీత తిన్నగా ఉంది. ఎక్కడా వణుకు లేదు.

క్లెమ్ అలమర దగ్గరికి పోయాడు. ఎర్ర సీసా ఉంది, మూత బిగుసుకుపోయి, లోపల రంగు గట్టిపడి. పోయిన చలికాలం నుంచీ దాన్నెవరూ తెరవలేదు. పక్కన దుమ్ములో చిన్న గుండ్రటి ఖాళీ ఉంది. పచ్చ సీసా లేదు.

షెడ్డు తలుపు ముందు ఒక క్షణం నిలబడ్డాడు. ఇంతదాకా ఒక ముసలాయన్ని జైలు నుంచి తప్పించాలని చూశాడు. ఇప్పుడు తెలుస్తోంది, ఏ తలుపు తీసినా ఒక క్రేక్ బయటికొస్తే ఇంకో క్రేక్ లోపలికి పోతాడు. తీయకుండా ఉందామంటే, తాళం చెవి తన జేబులోనే ఉంది.

వంటింటి గుమ్మం రాయి మీద పచ్చసొన ఎండి అంటుకుని ఉంది. సందులో గుడ్డు పెంకు ముక్కలు. రోజూ ఆ రాయిని బ్రష్షుతో తోమే లైల్ నిన్నటి నుంచీ దాని వంక చూడలేదు.

లైల్ పొయ్యి దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. అన్నకంటే నాలుగేళ్లు చిన్న. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తలుపు కింద వంగి వెళ్లేవాడిలా ఉంటాడు. అరవై ఏడేళ్లొచ్చినా, పెద్దయ్యాక ఒక్క రాత్రి కూడా ఆ ఇంటి బయట పడుకోలేదని చెప్పుకుంటారు. క్లెమ్‌ని చూసి కుర్చీ కాలితో జరిపాడు, కూర్చోమని. కత్తి ఆగలేదు. తొక్క తెగకుండా పొడుగ్గా దిగుతోంది.

క్లెమ్ వేళలు అడిగాడు. లైల్ చెప్పాడు. సోమవారం ఏడింటికి చేను చివర కోళ్ల దగ్గరికి పోయాడు. ఏడూ నలభై ఐదుకి తిరిగొచ్చాడు. ఆ మధ్యలో, ఏడున్నరకి మాడక్ వచ్చాడట, తాను చూడలేదు. రోడ్డెక్కడానికి అనుమతిచ్చే కారు పరీక్షకి ఎనిమిదీ పదిహేనుకి టౌనులో ఉండాలి. మాడక్ తానే నడుపుకుపోతానని పట్టుబట్టి తీసుకెళ్లాడట.

"పరీక్ష కాగితం మీద నడిపేవాడి పేరు డి. క్రేక్ అని ఉంది," అన్నాడు క్లెమ్.

"మనసు మార్చుకున్నారు కాబోలు."

"మీరు తిరిగొచ్చేసరికి డెంజిల్ గారెక్కడున్నారు?"

"ఇక్కడే. టీ పెడుతున్నాడు."

"ఆయన కనపడగానే గుడ్ల బుట్ట ఎందుకు పడింది?"

తొక్క తెగింది. నేల మీద పడింది. లైల్ దాన్ని వంగి తీసుకుని బకెట్టులో వేశాడు. తొందరేమీ లేనట్టు చేశాడు.

"చెయ్యి జారింది."

"మీ చెయ్యా?"

లైల్ ఇంకో దుంప అందుకున్నాడు. క్లెమ్ కూడా తొందరపడలేదు. ఆ తర్వాత లైల్ ఏం చేశాడో ఇద్దరికీ తెలుసు. సైకిలెక్కి నాలుగు మైళ్లు గ్యానెట్ మలుపుదాకా తొక్కాడు. కాలువలో కారుని మొదట చూసి ఫోను చేసిందీ అతనే, ఎనిమిదీ ఐదుకి. ఆ వయసులో నాలుగు మైళ్లు ఇరవై నిమిషాల్లో. ఎందుకు వెళ్లారని క్లెమ్ అడిగితే, మాడక్ పరీక్ష కాగితాలు మర్చిపోయాడు, ఇద్దామని అన్నాడు.

"కాగితాలు కారులోనే తడిసి దొరికాయి, లైల్ గారూ. నా బల్ల మీద ఆరేసి ఉన్నాయి."

లైల్ దుంపల గిన్నె ఎత్తాడు. క్లెమ్ పొయ్యికి అడ్డంగా ఉన్నాడు.

"ఇవి ఉడకాలి," అన్నాడు లైల్. "కొంచెం జరుగు."

క్లెమ్ జరిగాడు. లైల్ కళ్లల్లో భయం ఉంటుందనుకున్నాడు. భయం లేదు. చాలాసేపటి నుంచి ఎవరి కోసమో ఎదురుచూస్తూ నిలబడి, కాళ్లు లాగుతున్న మనిషి చూపు అది. అది ఇంకా కష్టంగా ఉంది.

పన్నెండూ ఐదు. షెడ్డులో డెంజిల్ అదే చోట కూర్చుని ఉన్నాడు. క్లెమ్ తలుపు మూశాడు. బద్దని తెచ్చి ఆయన మోకాళ్ల మీద పెట్టాడు.

"నాలుగే కోశారు."

డెంజిల్ బద్ద మీది గాటుని బొటనవేలితో తడిమాడు.

"ఒరేయ్ క్లెమ్, నేను ఒప్పుకున్నాను కదరా. ఒప్పుకున్నవాడిని వదిలిపెట్టవేం?"

"నిన్న పొద్దున మాడక్ ఎక్కేటప్పుడు ఏమన్నా అన్నాడా?"

డెంజిల్ బద్దని మోకాళ్ల మీద తిరగేశాడు. అబద్ధం వెతుక్కుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ పని ఎప్పుడూ చేయనివాడికి వెంటనే దొరకలేదు.

"చక్రం పొట్టకి తగులుతోందన్నాడు. శనివారం కూర్చున్నప్పుడు తగల్లేదన్నాడు. ఆదివారం భోజనం ఎక్కువైందేమో అని నేను ఎగతాళి చేశాను. నవ్వాడు. నవ్వుకుంటూనే పోయాడు."

"అంగుళం ముందుకొచ్చింది."

"వార్త వచ్చినప్పుడు నాకు తెలిసింది." టోపీ ఇప్పుడు రెండు చేతుల్లోనూ నలుగుతోంది. "మాడక్‌కి కారు తాళం ఇచ్చే ముందు నట్లన్నీ చూశాను. లైటు వేసి ఒక్కొక్కటీ చూశాను. పచ్చ గీత తిన్నగా ఉంది. వాడి గీత తిన్నగా ఉంటే నేను ఇంక పానా పెట్టి చూడను. నలభై ఏళ్లలో ఎప్పుడూ చూడలేదు."

శనివారం రాత్రి ఏం జరిగిందో తర్వాత మెల్లగా చెప్పాడు. తిండి అయ్యాక చెప్పాడట తమ్ముడికి. టౌనులో ముసలివాళ్లుండే చోట ఒంటి గది తీసుకున్నాననీ, చెయ్యి ఇలా అయ్యాక ఈ ఇల్లు తన వల్ల కాదనీ, క్రిస్మస్‌లోగా అమ్మేద్దామనీ. లైల్ లేచాడు. గిన్నెలు తుడిచి బోర్లించాడు. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా డెంజిల్ చర్చికి పోయాడు. లైల్ పోలేదు, కోళ్లకి జబ్బు చేసిందన్నాడు.

"సోమవారం పొద్దున కారు నడిపేది మీరేనని లైల్ గారికి తెలుసు," అన్నాడు క్లెమ్.

"తెలుసు."

"అది మీ కోసం పెట్టింది."

"నా కోసం పెట్టింది కాబట్టే దాని లెక్క నేను తేల్చుకుంటానంటున్నా." గొంతు పెంచలేదు డెంజిల్. "వాడు నన్ను చంపాలనుకున్నాడో, నేను పోకుండా ఆపాలనుకున్నాడో నాకు తెలీదు. వాడికీ తెలీదేమో. మాడక్ ఎక్కాడని తెలియగానే సైకిలేసుకుని పరిగెత్తాడు చూడు. మనసు లేనివాడు పరిగెత్తడు. వాడు కొత్తచోట నిద్రపోలేడు క్లెమ్. చిన్నప్పుడు ఆస్పత్రిలో పెడితే తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చునేవాడు. నేనెలాగూ ఒంటి గదికి పోదామనుకున్నాను. అదీ ఒంటి గదే."

"మరి మాడక్? ఆయన భార్యకి నేనేం చెప్పను, కొలత తప్పిందనా?"

డెంజిల్ బద్దని నేల మీద పెట్టేశాడు. రుజువు లేదన్నాడు. గీత తానే గీశానంటాడట కోర్టులో. తమ్ముడి సీసా తీసి తానే గీశానంటాడట.

క్లెమ్ జేబులోంచి సుద్దముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు. బల్ల మీద దుప్పటి తొలగించాడు.

"వేలెడు గీత. తిన్నగా ఒక్కటి గీయండి. నేను పుస్తకంలో సంతకం పెట్టేస్తాను."

డెంజిల్ సుద్ద పట్టుకున్నాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆపాడు. పళ్లు బిగించాడు. నుదుటి మీద చెమట పట్టింది. చెక్క మీద సుద్ద టకటకా కొట్టుకుంటూ పోయింది. వెనక్కి తీసేసరికి బల్ల మీద గీత లేదు. కోడి గీరినట్టు చుక్కలు మాత్రం ఉన్నాయి. డెంజిల్ వాటిని చొక్కా చేత్తో తుడిచేశాడు. తుడిచినంత మాత్రాన అవి క్లెమ్ కళ్లలోంచి పోవని ఆయనకీ తెలుసు.

బయట అడుగుల చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో లైల్, మూతలాంటి ఆ ఆకాశం కింద తల కొంచెం వంచి నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి తలుపవతల ఉన్నాడో తెలియదు. బల్ల వంక, సుద్ద పొడి వంక, అన్న చొక్కా చేతి వంక చూశాడు.

"చల్లారిపోతుంది," అన్నాడు. "క్లెమ్, నీకూ పెట్టాను."

వద్దనడానికి క్లెమ్ నోరు తెరిచాడు. ఈ ఇద్దరినీ ఆ వంటింట్లోకి ఒంటరిగా పంపలేనని తోచి మూసేశాడు.

బల్ల చిన్నది. మూడు కంచాలు పెడితే మోచేతులు తగులుతున్నాయి. ఉడికించిన పంది మాంసం, బంగాళాదుంపలు, క్యాబేజీ. మూడు కంచాల్లోకీ ఒకే గిన్నెలోంచి వడ్డించాడు లైల్. మొదట తానే ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. క్లెమ్ మనసులో ఏముందో అతనికి తెలుసు.

తినేటప్పుడు మాట్లాడకూడదు. అది వాళ్ల నాన్న పెట్టిన నియమం. నాన్న పోయి నలభై ఏళ్లయినా ఆ బల్ల దగ్గర ఎవరూ నోరు విప్పలేదు. ఆ సంగతి ఊరికంతా తెలుసు. క్లెమ్ గోడ గడియారం చూశాడు. పన్నెండూ నలభై.

లైల్ తన కంచం పక్కకి జరిపి, అన్న కంచం తనవైపు లాక్కున్నాడు. మాంసాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోయడం మొదలుపెట్టాడు. పోయిన చలికాలం నుంచీ రోజూ చేస్తున్న పనే అని కత్తి నడిచే తీరులోనే తెలుస్తోంది. కొవ్వు అంచు తీసి పక్కన పెట్టాడు. సగం కోసి ఆగాడు. చెయ్యి తుడుచుకుని జేబులో పెట్టాడు.

పచ్చ రంగు సీసా తీసి, ఉప్పు డబ్బా పక్కన, క్లెమ్ ముందు పెట్టాడు.

తర్వాత డెంజిల్ చెయ్యి బల్ల మీదుగా వచ్చింది. సీసాని పట్టుకుని తనవైపు లాక్కోబోయింది. చెయ్యి వణుకుతోంది. గాజు కంచం అంచుకి తగిలి ఆగకుండా గలగలా మోగుతోంది. ఆ ఇంట్లో భోజనాల వేళ అంత చప్పుడు ఎన్నడూ అయి ఉండదు. లైల్ తన చెయ్యి అన్న చేతి మీద వేశాడు. మోత ఆగింది. ఒక్కో వేలూ విప్పి, సీసా తీసుకుని, మళ్లీ క్లెమ్ ముందు, ఇందాక పెట్టిన చోటే పెట్టాడు.

డెంజిల్ తమ్ముడి మొహంలోకి చూశాడు. లైల్ మిగతా సగం మాంసం కోసి, కంచం తిప్పి, ఫోర్కు అన్న చేతికి అందేలా పెట్టాడు.

బయట రాళ్ల మీద బండి చక్రాల చప్పుడు వినిపించింది. పెల్ ముందే వచ్చేశాడు. కారు తలుపు పడింది. అడుగులు షెడ్డు వైపు పోయాయి, ఆగాయి, ఇంటి వైపు తిరిగాయి.

క్లెమ్ సీసా తీసి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టాడు. ఫోర్కు అందుకున్నాడు. డెంజిల్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు, నమలడానికి చాలాసేపు పట్టింది. తలుపు మీద ఒకసారి, తర్వాత రెండుసార్లు చప్పుడైంది. ఆ బల్ల దగ్గర కంచం ఖాళీ కాకుండా ఎవరూ లేవరు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.